వరద స్క్రీన్ చూడగానే పరిస్థితి అర్థం కావాలంటే: డిజైన్ ఎలా చేయాలి?

గోదావరికి వరద మొదలైతే చాలు, యాప్‌లు చేసే కుర్రాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "మ్యాప్ పెట్టాం, గ్రాఫ్ పెట్టాం, రంగులు వేశాం, నీటిమట్టం గంట గంటకూ మారుతోంది. అయినా జనం ఫోన్ చేసి 'ఇంతకీ మా వైపు నీళ్లొస్తాయా, రావా' అనే అడుగుతున్నారు. తేడా ఎక్కడ కొడుతోంది?"

ఆ స్క్రీన్ మీద అంకెలున్నాయి, పరిస్థితి మాత్రం లేదు. చూసే మనిషి బుర్రలో తిరిగే ప్రశ్నలు మూడు. ఇప్పుడు ఎంత ఉంది? అంటే మాకేమిటి? ఇంకాసేపటికి ఏమవుతుంది? పైలట్ల మీద చాలాకాలం పనిచేసిన మికా ఎండ్‌స్లీ అనే అమెరికన్ ఇంజినీరు 1995లో ఇదే సంగతిని మూడు మెట్లుగా వివరించారు: గమనించడం, అర్థం చేసుకోవడం, ముందేం జరుగుతుందో అంచనా వేసుకోవడం. థియరీ ఇంతవరకే. దీనికి నేను నాలుగో ప్రశ్న కలుపుతాను: ఈ మాట ఎప్పటిది? నేను చూసిన వరద స్క్రీన్లలో ఎక్కువ భాగం చతికిలబడేది ఇక్కడే.

కింద చెప్పేదంతా గోదావరి నీటిమట్టం చూపే స్క్రీన్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. మీరు చేసేది ఆస్పత్రి వార్డు మానిటరు అయినా, రొయ్యల చెరువులో ఆక్సిజన్ చూపే యాప్ అయినా మెట్లు ఇవే, అంకెలు మారతాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ డేటా ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతసేపటికొకసారి వస్తుంది అనే స్పష్టత. గంటకోసారా, మూడు గంటలకోసారా? మీరు అనుకుంటున్నది కాదు, నిజంగా వస్తున్నది.
- ప్రతి గేజ్ (నది నీటిమట్టం కొలిచే చోటు) దగ్గరి అధికారిక హెచ్చరిక స్థాయిలు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు.
- ఒక పాత వరద తాలూకు గంటవారీ రీడింగులు. 2022 జూలై వరద అయితే మంచిది. పరీక్షలకు ఇదే ముడిసరుకు.
- ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్. స్క్రీన్ మీద గీతలు పడ్డదైతే ఇంకా మేలు.
- మీ టీమ్‌లో లేని ఐదారుగురు మనుషులు. వాళ్లలో ఒకరిద్దరికి అరవై దాటి ఉండాలి.
- కాగితం, పెన్సిలు. మొదటి నాలుగు మెట్లకు కంప్యూటర్ అక్కర్లేదు. నిజానికి అది తెరిస్తే పని చెడుతుంది, చెయ్యి రంగుల మీదకు పోతుంది.

1. ఒక మనిషిని పట్టుకోండి, ఆ మనిషి చేయాల్సిన నిర్ణయాలు రాయండి

"యూజర్లు" అని రాయకండి. భద్రాచలంలో పల్లపు కాలనీలో ఉండే ఇల్లాలు వేరు, కోనసీమ లంకలో పశువులున్న రైతు వేరు, కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీ చేసే ఉద్యోగి వేరు. ముగ్గురికీ నది ఒకటే, నిర్ణయాలు ఒకటి కావు.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఏం తేల్చుకోవాలి, దానికి ఏం తెలియాలి, ఎంత ముందుగా తెలియాలి. లంక రైతునే తీసుకుందాం. ఆయన తేల్చుకోవాల్సింది, పశువులను ఈ రోజే ఏటిగట్టు మీదకు చేర్చాలా, రేపటిదాకా ఆగొచ్చా అని. తెలియాల్సింది, కాజ్‌వే ఎప్పటికి మునుగుతుంది, పడవ నడుస్తుందా అని. మూడో గడిలో "చీకటి పడకముందే" అని వస్తుంది. ఆ ఒక్క మాటతో మీ స్క్రీన్ మారిపోతుంది. ఆయనకు "రాబోయే 24 గంటలు" అనే అంచనా కంటే "సాయంత్రం ఆరులోపు" అనేది పనికొస్తుంది.

కాలనీ ఇల్లాలికైతే సామాన్లు అటక మీదకు ఎక్కించాలా, పిల్లలను తీసుకుని పునరావాస కేంద్రానికి పోవాలా అనేవి ప్రశ్నలు. కంట్రోల్ రూమ్ ఉద్యోగికి ఏ ఊరికి ముందు ఫోన్ చేయాలన్నది ప్రశ్న.

జాగ్రత్త: ముగ్గురికీ ఒకే స్క్రీన్ చేయాలని చూడకండి. ఉద్యోగి కోసం పెట్టిన ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, గేట్ల వివరాలు రైతు కళ్లకు అడ్డం. వేర్వేరు స్క్రీన్లకు బడ్జెట్ లేకపోతే జనం స్క్రీన్‌ను ముందు పెట్టి, ఉద్యోగి వివరాలను "ఇంకా చూడండి" వెనక్కి నెట్టండి. ఉద్యోగి వెతుక్కోగలడు, రైతు వెతకడు.

2. అంకెను ఒంటరిగా వదలకండి

మొదటి పేజీలో ఇలా ఉందనుకోండి: భద్రాచలం 50, ధవళేశ్వరం 14. తెలియని వాళ్లు ఏమనుకుంటారు? ధవళేశ్వరం దగ్గర నీళ్లు తక్కువే ఉన్నాయి, ఫరవాలేదు అని. కానీ 14 అంటే అక్కడ రెండో హెచ్చరిక దాటేసినట్టు. రెండు గేజ్‌ల సున్నాలు, అంటే కొలత మొదలయ్యే మట్టాలు, వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి ఆ రెండంకెలను పక్కపక్కన పెట్టడమే తప్పు. పైగా కేంద్ర జల సంఘం రీడింగులు సముద్రమట్టం నుంచి మీటర్లలో వస్తాయి, స్థానికంగా అడుగుల్లో చెబుతారు. మీటర్లను అలాగే తెచ్చి పెడితే నదీతీరం వాళ్లకు అది తెలియని భాష.

ప్రతి అంకెకూ రెండు తోడులుండాలి: ఏ స్థాయి దాటింది, తర్వాతి స్థాయికి ఎంత దూరం. రాయడం ఇలా:

భద్రాచలం: 50.2 అడుగులు
రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. మూడో హెచ్చరికకు ఇంకా 2.8 అడుగులు.

బొమ్మ కావాలంటే నిలువు కొలబద్ద గీయండి. నది గట్టున గేజ్ పలక ఎలా ఉంటుందో అలాగే: 43, 48, 53 దగ్గర గీతలు, పైన 2022 జూలైలో వచ్చిన 71.3, దాని పైన 1986 ఆగస్టు నాటి 75.6. ఆ పాత గుర్తులు అలంకారం కోసం కాదు. భద్రాచలంలో పెద్దవాళ్లు వరదను కొలిచేది "ఎనభయ్యారులో ఎక్కడిదాకా వచ్చింది" అన్న లెక్కతోనే. వాళ్ల కొలత మీ స్క్రీన్ మీద ఉంటే వివరణ అక్కర్లేదు.

ఇంతకంటే బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది, కాకపోతే శ్రమ ఎక్కువ. ఏ మట్టానికి ఏ రోడ్డు, ఏ వీధి మునుగుతుందో స్థానిక రికార్డుల నుంచి తెచ్చి, ఆ పేరు రాయడం. అలా చేస్తే అధికారుల దగ్గరున్న పాత ముంపు వివరాలతో సరిచూసుకున్నాకే పెట్టండి. ఊహించి ఒక్క వీధి పేరు రాసినా, అది తప్పయితే మిగతా స్క్రీనంతా ఎవరూ నమ్మరు.

3. పెరుగుతోందా, తగ్గుతోందా, ఎంత వేగంగా

47.5 అడుగులు ఉండి పెరుగుతుంటే ఒక కబురు, 47.5 ఉండి తగ్గుతుంటే పూర్తిగా వేరే కబురు. మొదటిదానికి మూటలు కట్టాలి, రెండోదానికి ఊపిరి పీల్చుకోవచ్చు. అంకె మాత్రం ఒకటే. అందుకని దిశ లేని నీటిమట్టాన్ని అసలు చూపకండి.

బాణం గుర్తు ఒక్కటే చాలదు. పైకి చూపే బాణాన్ని కొందరు "మెరుగవుతోంది" అని చదువుతారు, షేర్ మార్కెట్ అలవాటు. మాటతో రాయండి: "పెరుగుతోంది, గత 3 గంటల్లో 0.9 అడుగులు".

వరసగా వచ్చిన రెండు రీడింగుల తేడాతో దిశ తేల్చకండి. అలల వల్ల అటూ ఇటూ అయ్యే చిన్న తేడాకు బాణం గంటకోసారి పల్టీలు కొడుతుంది. మూడు గంటల తేడా తీసుకోండి, ఆ తేడా మరీ చిన్నదైతే "నిలకడగా ఉంది" అనండి.

4. ముందేం జరగబోతోందో చెప్పండి, కానీ మీరే జోస్యం చెప్పకండి

గ్రాఫ్ గీత చూడగానే చెయ్యి ఊరుకోదు. 2.8 అడుగులు మిగిలింది, గంటకు 0.3 చొప్పున పెరుగుతోంది, భాగిస్తే ఇంకో 9 గంటల్లో మూడో హెచ్చరిక అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ఎగువన వాన ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఇంద్రావతిలో కొత్త వరద బయల్దేరి ఉండొచ్చు. మీ గీతకు అవేవీ తెలియవు.

కేంద్ర జల సంఘం అంచనా ఉంటే దాన్ని పేరుతో, సమయంతో చూపండి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ గంటకు ఎంత. గ్రాఫ్‌లో జరిగిపోయినదాన్ని గట్టి గీతగా, రాబోయేదాన్ని చుక్కల గీతగా గీసి, మధ్యలో "ఇప్పుడు" అని నిలువు గీత పెట్టండి. ఆ నిలువు గీత లేకపోతే అంచనానే ప్రస్తుత మట్టం అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అంచనా దొరకకపోతే ఎగువ స్టేషన్లను చూపండి. గోదావరిలో ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, ఆ కింద ఇంద్రావతి కలుస్తుంది. భద్రాచలం వాళ్లకు కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం వరుసగా పెట్టి ఒక్కోచోట పెరుగుతోందా తగ్గుతోందా చెబితే, నది తెలిసిన మనిషి మిగతాది తానే అర్థం చేసుకుంటాడు. ఎగువన మూడుచోట్లా తగ్గుముఖం పట్టిందంటే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు శబరి ఉపనది. అది భద్రాచలం దిగువన కూనవరం దగ్గర కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని చింతూరు వైపు ముంచుతాయి. కాబట్టి చింతూరు, కూనవరం వాళ్లకు భద్రాచలం మట్టం ఒక్కటే చూపిస్తే అది సగం నిజం. యూజర్ ఊరు అడిగి, ఆ ఊరికి ఏ గేజ్‌లు వర్తిస్తాయో మీరే జత కట్టాలి. "దగ్గరి స్టేషన్" అని జీపీఎస్ దూరంతో తేల్చేస్తే నది ఏ దిక్కుకు పారుతుందో మరిచిపోయినట్టే. దిగువ స్టేషన్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా మీకు రాబోయే వరద గురించి అది చెప్పేది తక్కువ.

5. డేటా వయసు దాచకండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు డేటా లేని స్క్రీన్ వల్ల పెద్ద నష్టం లేదు. జనం వేరే దారి చూసుకుంటారు, పక్కింటివాళ్లను అడుగుతారు, గట్టు మీదకు వెళ్లి చూసొస్తారు. ప్రమాదమంతా తాజాగా కనిపించే పాత అంకెతోనే. తుపాను రాత్రి గేజ్ దగ్గర నెట్‌వర్క్ పోతుంది, ఆఖరి రీడింగ్ 46 దగ్గర ఆగిపోతుంది, మీ స్క్రీన్ ఆ 46ను అంతే పెద్ద అక్షరాల్లో, అంతే ధీమాగా చూపిస్తూ ఉంటుంది. చూసినవాళ్లు నిశ్చింతగా పడుకుంటారు.

చేయాల్సినవి:

మొదటిది, రెండు సమయాలను కలపకండి. గేజ్ దగ్గర కొలిచిన సమయం ఒకటి, మీ యాప్ దాన్ని తెచ్చుకున్న సమయం ఇంకొకటి. చాలా యాప్‌లు రెండోదాన్ని చూపి "ఇప్పుడే అప్‌డేట్ అయింది" అంటాయి. యాప్ తెచ్చుకోవడం ఇప్పుడే కావచ్చు, తెచ్చుకున్నది నాలుగు గంటల కిందటిది కావచ్చు. చూపాల్సింది కొలిచిన సమయమే: "ఉదయం 6 గంటల రీడింగ్, 3 గంటల కిందటిది". సర్వర్ సమయం గ్రీనిచ్ లెక్కలో వస్తుంటే ఐదున్నర గంటల తేడా వస్తుంది, దాన్ని ముందే సరిచేసుకోండి.

రెండోది, రీడింగ్ పాతబడితే స్క్రీన్ రూపు మారాలి. మూలలో చిన్న బూడిద రంగు అక్షరాలు ఎవరూ చూడరు. రీడింగ్ గంటకోసారి రావాల్సి ఉండి రెండు గంటలు దాటిందనుకోండి, అంకె రంగు వెలిసిపోవాలి, "పెరుగుతోంది" అనే మాట తీసేయాలి, పైన "కొత్త రీడింగ్ రాలేదు. ఇప్పటి మట్టం తెలియదు" అని రావాలి. "తెలియదు" అని రాయడానికి క్లయింట్లు ఇష్టపడరు, యాప్ పరువు పోతుందంటారు. పట్టుబట్టి రాయించండి.

మూడోది, తప్పు ఎక్కడుందో విడదీసి చెప్పండి. "మీ ఫోన్‌కు నెట్ లేదు" వేరు, "గేజ్ నుంచి రీడింగ్ రాలేదు" వేరు. మొదటిదైతే మనిషి మేడెక్కి సిగ్నల్ చూసుకుంటాడు, రెండోదైతే అలా చేసినా లాభం లేదు, కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయాలి. అందుకే ఆ నంబరు నెట్ లేకపోయినా కనిపించేలా ఫోన్‌లోనే దాచి ఉంచండి.

నాలుగోది, రాని రీడింగ్‌ను సున్నాగా చూపకండి. గ్రాఫ్‌లో ఆ చోట ఖాళీ వదలండి, రెండు చివర్లనూ గీతతో కలిపేయకండి.

ఐదోది వాట్సాప్. మీ స్క్రీన్‌ను నేరుగా చూసేవాళ్ల కంటే దాని స్క్రీన్‌షాట్ చూసేవాళ్లే ఎక్కువ. పోయినేడాది స్క్రీన్‌షాట్ ఈ ఏడు వరదలో గ్రూపుల్లో తిరుగుతుంది. కాబట్టి ఊరు, తేదీ, సంవత్సరం, సమయం అన్నీ అంకెకు ఆనుకుని ఉండాలి. ఎవరైనా అంకె వరకే కత్తిరించి పంపినా తేదీ దాంతోపాటే పోవాలి. "3 గంటల కిందటిది" అన్న మాట ఫొటోలో ఎప్పటికీ మూడు గంటల కిందటిదిగానే ఉండిపోతుంది కదా, అందుకే పక్కన అసలు తేదీ తప్పనిసరి.

6. చెప్పింది వేరు, జరిగింది వేరు (కంట్రోల్ రూమ్ స్క్రీన్‌కు)

1979 మార్చిలో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దాని దీపం ఆరిపోయి ఉండడంతో ఆపరేటర్లు మూసుకుపోయిందనే అనుకున్నారు. ఆ దీపం చెప్పేది వాల్వుకు మూసుకోమనే సంకేతం వెళ్లిందని మాత్రమే, మూసుకుందని కాదు. రెండు గంటలకు పైగా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఈలోగా రియాక్టర్ కోర్ దెబ్బతింది.

మీ స్క్రీన్‌లో ఇలాంటి దీపాలు ఎన్ని ఉన్నాయో వెతకండి. "హెచ్చరిక పంపాం" పక్కన ఆకుపచ్చ టిక్కు ఉందా? పంపడం, ఫోన్‌కు చేరడం, మనిషి చదవడం మూడు వేర్వేరు సంగతులు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. "గేట్లు ఎత్తమని ఆదేశం ఇచ్చారు", "ఎత్తారు" అన్నవి రెండు వేర్వేరు గడులుగా ఉండాలి. నిజ స్థితి తెలిసే మార్గం లేకపోతే "ఆదేశం వెళ్లింది, ధ్రువీకరణ రాలేదు" అని రాయండి. ఆకుపచ్చ టిక్కును ధ్రువీకరణ వచ్చాకే వాడండి.

7. రంగులు, అక్షరాలు

ముందు ఒక చిక్కు. కేంద్ర జల సంఘం లెక్కలో పసుపు అంటే హెచ్చరిక స్థాయి దాటింది, నారింజ అంటే ప్రమాద స్థాయి దాటింది, ఎరుపు అంటే ఇంతకుముందున్న గరిష్ఠ మట్టాన్నే అందుకుంది లేదా దాటింది. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు వానల గురించి. మీరేమో మూడో హెచ్చరికకు ఎరుపు వేస్తారు. ఒకే రోజు ఒకే ఊరికి మూడు రంగుల భాషలు! ఒకదాన్నే ఎంచుకుని, అది ఎవరి లెక్కో రాయండి. నన్నడిగితే జనం స్క్రీన్‌లో మొదటి, రెండో, మూడో హెచ్చరిక అనే మాటలే పెద్దగా ఉండాలి, రంగు వాటికి తోడు మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు చాలానే ఉన్నాయి.

అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి, ఎండలో చదవాల్సినవాటికి ఇంకా ఎక్కువ. తెలుగు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే ఒత్తులు కింద కోసుకుపోతాయి. "రెండో హెచ్చరిక"లో చకారం ఒత్తు తెగిందో లేదో చవక ఫోన్‌లో చూడండి. అంకెలు 1, 2, 3 అనే వేయండి, తెలుగంకెలు వేస్తే మన దగ్గర సగం మంది ఆగిపోతారు. క్యూసెక్కులు రాయాల్సి వస్తే "12.4 లక్షల క్యూసెక్కులు" అనండి, 1,240,000 అనకండి. చదవలేనివాళ్ల కోసం "వినండి" బటన్ పెట్టగలిగితే తప్పక పెట్టండి.

8. అలర్టులు: తక్కువ, పూర్తిగా

మట్టం కాస్త పెరిగినప్పుడల్లా టింగుమంటే రెండో రోజుకు నోటిఫికేషన్లు ఆపేస్తారు. స్థాయి మారినప్పుడు, లేదా ఫలానా గంటకు చెబుతామని మాటిచ్చినప్పుడే పంపండి. నీళ్లు 43 దగ్గర అటూ ఇటూ ఊగుతుంటే ప్రతిసారీ పంపకూడదు. హెచ్చరిక ఎత్తేసినట్టు అధికారులు ప్రకటించేవరకు అది అమల్లో ఉన్నట్టే. ఉపసంహరణ కబురు మాత్రం తప్పక పంపండి. చాలా యాప్‌లు పెరిగినప్పుడు అరిచి, తగ్గినప్పుడు నోరు మెదపవు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు: "భద్రాచలం వద్ద గోదావరి 48 అడుగులు దాటింది, రెండో హెచ్చరిక జారీ. ఇంకా పెరుగుతోంది. పల్లపు ప్రాంతాలవారు అధికారుల సూచనలు పాటించాలి. సాయంత్రం 4 గంటల రీడింగ్. తర్వాతి సమాచారం 6 గంటలకు." ఆ చివరి వాక్యం టెన్షన్ సగం తగ్గిస్తుంది, ఊరికే రిఫ్రెష్ కొట్టే పని తప్పుతుంది. చెప్పిన 6 గంటలకు మారినా మారకపోయినా కబురు పంపాలి మరి.

"ఇళ్లు ఖాళీ చేయండి" అని మీ అంతట మీరు ఎప్పుడూ రాయకండి. అది కలెక్టరు చెప్పాల్సిన మాట. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ ద్వారా వచ్చే అధికారిక హెచ్చరికలను చూపండి.

డ్రిల్‌కూ నిజానికీ తేడా డిజైన్‌లోనే ఉండాలి. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందంటూ ఫోన్లకు తప్పుడు హెచ్చరిక వెళ్లింది. అది తప్పని ఫోన్లకు మళ్లీ కబురు రావడానికి 38 నిమిషాలు పట్టింది. మీ సిస్టమ్‌లో ప్రయోగ మెసేజ్, అసలు మెసేజ్ వేర్వేరు పేజీల్లో ఉన్నాయా? దిద్దుబాటు మెసేజ్ ముందే రాసి పెట్టి ఉందా? ఒక్క నొక్కుతో వెళ్తుందా?

9. మధ్యలో లేచి వెళ్లినవాళ్లకు

ఎవరూ మీ స్క్రీన్‌నే చూస్తూ కూర్చోరు. తిరిగి వచ్చినప్పుడు "మీరు మధ్యాహ్నం 1కి చూసినప్పుడు 46.8, ఇప్పుడు 48.1" అని ఒక వరుస చాలు. కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు మారేటప్పుడు ఇదే వరుస డ్యూటీ అప్పగింతకు పనికొస్తుంది.

తరచుగా జరిగే మరికొన్ని తప్పులు

మొదటి పేజీ అంతా మ్యాప్‌తో నింపడం. మ్యాప్ "ఎక్కడ" అనేది చెబుతుంది, ఆ ఊళ్లోనే ఉన్నవాడికి ఎక్కడో తెలుసు. స్పీడోమీటర్ లాంటి గుండ్రటి మీటర్లు: చోటు ఎక్కువ, కబురు తక్కువ. గ్రాఫ్ నిలువు కొలతను సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం: 0.3 అడుగుల మార్పు కొండలా కనిపిస్తుంది, మర్నాడు 6 అడుగుల మార్పు కూడా అదే కొండలా కనిపిస్తుంది. హెచ్చరిక గీతలు ఎప్పుడూ కనిపించేలా కొలతను బిగించేయండి. వాటంతటవే తిరిగే బ్యానర్లు, వాన యానిమేషన్లు తీసేయండి.

పని చేస్తోందా? ఎలా తెలుసుకోవాలి

"ఎలా ఉంది?" అని అడగకండి. బాగుందనే అంటారు, మనవాళ్లకు మొహమాటం.

తొందర పరీక్ష: ఫోన్‌ను ఐదు సెకన్లు చూపించి బోర్లా పెట్టేయండి. ఇప్పుడెంత, ఏ హెచ్చరికలో ఉంది, ఎటు పోతోంది, ఎప్పటి రీడింగ్ అని అడగండి.

అసలు పరీక్షకు పాత వరద రీడింగులు కావాలి. ఎండ్‌స్లీ 1980ల చివర్లో పైలట్ల కోసం తయారుచేసిన పద్ధతి ఇది: సిమ్యులేటర్‌ను మధ్యలో ఆపి, తెరలన్నీ ఖాళీ చేసి, ప్రశ్నలు అడగడం. మీరూ అలాగే చేయండి. 2022 జూలై రీడింగులను రోజును కొన్ని నిమిషాలకు కుదించి నడపండి, ముందుగా చెప్పకుండా ఆపండి, పై నాలుగు ప్రశ్నలతో పాటు "ఇంకో ఆరు గంటలకు ఎంత ఉండొచ్చు" అని కూడా అడగండి. జవాబును అసలు రీడింగ్‌తో పోల్చండి. వరద పెరిగే భాగం ఒక్కటే కాదు, తగ్గే భాగం కూడా నడపాలి.

జవాబులు ఎలా చదవాలంటే, మట్టం తప్పు చెబితే అంకె కనబడడం లేదని, అంటే లేఅవుట్ చూడాలి. మట్టం సరిగ్గా చెప్పి హెచ్చరిక తప్పు చెబితే రెండో మెట్టుకు వెళ్లండి. ముందుచూపు తప్పితే మూడు, నాలుగు మెట్లు. రీడింగ్ వయసు తప్పు చెబితే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అయిదో మెట్టు సరిచేయండి. "తెలియదు" అన్నవాళ్లను, ధీమాగా తప్పు చెప్పినవాళ్లను ఒకే గడిలో లెక్కేయకండి. రెండో రకం ఒక్కరున్నా స్క్రీన్ విడుదలకు సిద్ధం కాలేదు.

చివరగా విరగ్గొట్టే పరీక్ష. డేటా రావడం ఆపేసి చూడండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. 53 బదులు 5.3 అనే తప్పుడు రీడింగ్ పంపండి, యాప్ దాన్ని మింగేసి "తగ్గింది" అంటుందా, అనుమానించి ఆపుతుందా? ఫోన్ గడియారాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పండి, వయసు లెక్క తలకిందులవుతుందేమో చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చదవండి. స్క్రీన్‌షాట్ ఒకటి ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టి, మర్నాడు అందులో ఒకరిని "ఇది ఎప్పటిది" అని అడగండి.

దిద్దిన తర్వాత మళ్లీ పరీక్షించేటప్పుడు కొత్త మనుషులను పిలవండి. మొదటిసారి వచ్చినవాళ్లకు మీ స్క్రీన్‌లో ఏది ఎక్కడుందో ఈపాటికి అలవాటైపోయి ఉంటుంది.